బొగ్గు వారసుడు

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోనివే. 2016 అక్టోబరులో అవి వేర్వేరు జిల్లాలకు ముఖ్యస్థానములైనవి. అయినను వానిని కలిపియుంచు బంధమొకటి నేటికిని కలదు. అది విద్యుచ్ఛక్తి. భూపాలపల్లి గనిలో కార్మికుడు బొగ్గు త్రవ్వును. డోర్నకల్లు కూడలి నుండి వచ్చు బొగ్గుబండ్లు మహబూబాబాదు మీదుగా సాగును. జనగామ మెట్టపొలములో రైతు మీట నొక్కగనే గొట్టపుబావి నుండి నీరుబుకును. ఆ నీటిలో గని కార్మికుని చెమట కూడ కలదు.

భూపాలపల్లి సమీపమున చెల్పూరులో కాకతీయ తాపవిద్యుత్కేంద్రమున్నది. దానియందు 500 మెగావాట్ల విభాగము 2010లోను, 600 మెగావాట్ల విభాగము 2016లోను పనిచేయ నారంభించినవి. కాని బొగ్గు కాలిన చోట బూడిద మిగులును; దాని పొగ భూమి వేడిమిని పెంచును. పైగా గని అక్షయపాత్ర కాదు. త్రవ్వినకొలది తరుగును. అటుపిమ్మట దీపమెట్లు వెలుగవలెను?

గోదావరి వెంట దిగువకు పోయినచో మణుగూరు వచ్చును. అచ్చట 1991 నుండి భారజల కర్మాగారము పనిచేయుచున్నది. ప్రకృతిలో లభించు యురేనియములో సులభముగా చీలునది వెయ్యింట ఏడు పాళ్లు మాత్రమే. భారజలము న్యూట్రానుల వేగమును తగ్గించుటచే ఆ స్వల్పభాగముతోనే రియాక్టరు నడచును. ఇట్టి రియాక్టరులకు ఇంధనమును హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు సిద్ధపరచుచున్నది. మణుగూరు కర్మాగారమునకు ఆవిరినిచ్చునది సింగరేణి బొగ్గే. అనగా బొగ్గు తన వారసునికి తానే ఉగ్గుపాలు పట్టుచున్నది!

మన దేశమున యురేనియము కొద్ది, థోరియము మెండు. అందుచే హోమీ భాభా మూడు మెట్ల మార్గమును చూపెను. మొదటిది భారజల రియాక్టరు. రెండవది, అందు మిగిలిన ఇంధనము నుండి తీసిన ప్లుటోనియముతో నడచి, క్రొత్త ఇంధనమును పుట్టించు వేగ రియాక్టరు. మూడవది థోరియము. విశాఖ, శ్రీకాకుళ తీరముల ఇసుకలోని మోనజైటునందు అది కలదు. థోరియము పచ్చికట్టె వంటిది, తానుగా అంటుకొనదు. న్యూట్రాను చేరి యురేనియము-233గా మారిన పిదపనే మండును. కల్పాక్కములో వేగ రియాక్టరు పరీక్షలు 1985లో మొదలైనవి. యురేనియము-233తో నడచు 'కామిని' అను చిన్న రియాక్టరు 1996లో పనిచేసినది.

అణుశక్తికి పొగ లేదు. కాని ఋణము లేకపోలేదు. దాని వ్యర్థములను తరతరములు కావలి కాయవలెను. నల్లమలలో యురేనియము త్రవ్వరాదని తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో తీర్మానించినది. అడవిని నమ్ముకొన్న చెంచుల భయమును కాదనగలవారెవరు?

రేపు భూపాలపల్లి కార్మికుని బిడ్డయే ఇట్టి రియాక్టరును నిర్మింపవచ్చును. ఆ నాడు మూతపడిన గనివారికి పని ఏది? వ్యర్థములకు చోటేది? ఈ రెండు ప్రశ్నలకు బదులు చెప్పిన పిదపనే ఆ బిడ్డ మీట నొక్కవలెను. ఒకరి ఇంట వెలుగు నింపి, వేరొకరి ఇంట దిగులు నింపునది శుభ్రమైన శక్తి కానేరదు.