చిన్న ఇంటికి మారుతున్నారా? పనిని కూడా వెంట తీసుకువెళ్ళండి

పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో స్థిరపడిన తరువాత, ఊళ్ళోని పెద్ద ఇంటిని వదలి పట్టణంలో రెండు గదుల ఇంటికి మారే దంపతులు మన పాలమూరు ప్రాంతంలో ఎందరో ఉన్నారు. 2016 అక్టోబరులో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా కేంద్రాలయ్యాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఒకప్పుడు మహబూబ్‌నగర్‌కో కర్నూలుకో వెళ్ళవలసిన వైద్య అవసరాలు కొన్ని ఇంటి దగ్గరికే వచ్చాయి. కాబట్టి పెద్ద వయసులో ఈ పట్టణాలకు చేరాలనుకోవడం సబబైన నిర్ణయమే.

అయితే ఇల్లు మారేటప్పుడు అందరూ స్థలం లెక్కే వేస్తారు. బీరువా ఎక్కడ పెట్టాలి, దేవుడి పటాలకు గోడ చాలుతుందా, మనుమలు వస్తే ఎక్కడ పడుకోవాలి అని ఆలోచిస్తారు. శరీరం లెక్క ఎవరూ వేయరు. నేను చెప్పదలచినది ఆ లెక్క గురించే.

పెద్ద ఇల్లు చేయించిన వ్యాయామం

మన మట్టి మిద్దె ఇళ్ళను ఒకసారి తలచుకోండి. వీధి అరుగు దగ్గర మెట్లు, ప్రతి గదికీ దాటవలసిన గడప, వెనుక దొడ్డి, పశువుల కొట్టం. పొద్దున లేచి వాకిలి ఊడ్చి కల్లాపి చల్లడం, నీళ్ళు తోడడం, మిద్దెపైన మిరపకాయలు ఎండబోసి సాయంత్రం ఎత్తడం, పీట మీద కూర్చుని వేరుశనగకాయలు ఒలవడం, మళ్ళీ లేవడం. వీటిని ఎవరూ వ్యాయామం అనలేదు. కానీ రోజులో ఎన్నోసార్లు కూర్చుని లేవడం వల్ల తొడల కండరాలు, ఎత్తుపల్లాలలో నడవడం వల్ల శరీరపు తూకం, మనకు తెలియకుండానే కాపాడబడుతూ వచ్చాయి.

రెండు గదుల ఇంట్లో మంచం నుంచి వంటగదికి పది అడుగులు. కుళాయి తిప్పితే నీళ్ళు. కూర్చుని లేవవలసిన పనే లేదు. ఇలా మారిన ఏడాదికి నా దగ్గరకు వచ్చిన ఒక ఇల్లాలు, "ఇప్పుడేం పని లేదు సార్, సుఖంగున్నం. కానీ కింద కూసుంటే లేవనీకి వస్తలేదు" అన్నారు. ఆమె తిండి మారలేదు, మందులు మారలేదు; చక్కెర మాత్రం పెరిగింది. అన్నం తిన్న తరువాత రక్తంలోకి వచ్చే చక్కెరలో ఎక్కువ భాగాన్ని తీసుకునేవి కండరాలే. వాటికి పని తగ్గితే ఆ చక్కెర రక్తంలోనే నిలుస్తుంది. ఆమె సుఖం అనుకున్నదే ఆమెకు జబ్బును పెంచింది.

గద్వాల చేనేత దంపతుల విషయంలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. నూలు చీరకు పట్టు అంచును కలిపి నేసే ఆ మగ్గం పని ఒక్కరితో సాగదు. ఒకరు మగ్గం మీద కూర్చుంటే మరొకరు కండెలు చుట్టాలి. మగ్గానికి చోటులేని ఇంటికి మారితే చేతులు, కాళ్ళు, కళ్ళు ఒకేసారి పని మానుకుంటాయి. ఇద్దరూ కలిసి చేసే పని కూడా పోతుంది. అలాంటివారు కండెల పనినైనా కొంతకాలం కొనసాగించడం మంచిది.

ఎంత కదలిక కావాలి?

అరవై అయిదేళ్ళు దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాలు మోస్తరు వేగంతో శరీరశ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. వారానికి మూడు రోజులైనా తూకాన్ని, బలాన్ని పెంచే వ్యాయామం ఉండాలని కూడా చెప్పింది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు నడిస్తే మొదటిది పూర్తవుతుంది. నాగర్‌కర్నూల్‌లో కేసరి సముద్రం కట్ట ఉంది. గద్వాలలో కోటలోని చెన్నకేశవస్వామి గుడి దాకా నడిచి రావచ్చు. వనపర్తిలో పాలిటెక్నిక్‌గా మారిన రాజప్రాసాదం వైపు నడవవచ్చు. పాలు, కూరగాయలు ఇంటికి తెప్పించుకోకండి. సంచి పట్టుకుని మీరే వెళ్ళండి.

రెండవదానికి ఇంట్లో రెండు పనులు చాలు. చేతులతో ఊతం తీసుకోకుండా గట్టి కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవాలి. వంటగట్టు పట్టుకుని ఒక్కో కాలిమీద పది సెకన్లు నిలబడాలి. మోకాళ్ళ నొప్పులు, గుండె జబ్బు ఉన్నవారు తమ వైద్యుని అడిగి మొదలుపెట్టాలి.

మొదటి నెల జాగ్రత్త

పాత ఇంట్లో చీకటిలోనూ పాదాలకు దారి తెలుసు. కొత్త ఇంట్లో అర్ధరాత్రి నిద్రమత్తులో లేచినప్పుడు, పాత తలుపు ఉన్న వైపుకే కాళ్ళు నడుస్తాయి. అక్కడ గోడో, బల్ల అంచో ఉంటుంది. ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో అరవై దాటినవారే ఎక్కువ. తుంటి ఎముక విరిగిన తరువాత చాలామంది మునుపటిలా నడవలేకపోవడం నేను చూశాను.

కాబట్టి సామాను సర్దుకునే ముందే వీటిని చూడండి. మంచం నుంచి స్నానాలగది దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపం ఉండాలి. స్నానాలగదిలో గోడకు గట్టి పట్టుకమ్మీ, జారని నేల, కూర్చునే కమోడు ఉండాలి. తలుపు బయటికి తెరుచుకునేలా బిగించండి. లోపల పడిపోయిన మనిషి తలుపుకు అడ్డమైతే తీయడం కష్టం. జారే పట్టాలు తీసివేయండి. రోజూ వాడే డబ్బాలను నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులో ఉంచండి. స్టూలు ఎక్కే అవసరం రానీయకండి. మంచం మీద కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి.

రక్తపోటుకు మందు వాడేవారు లేచిన వెంటనే నడవకూడదు. కొందరికి నిలబడిన మూడు నిమిషాలలోపు పైరక్తపోటు 20 పాయింట్లు గానీ అంతకంటె ఎక్కువ గానీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. నిమిషంపాటు మంచం అంచున కూర్చుని, తరువాత లేవాలి. కళ్ళు తిరుగుతున్నాయని వైద్యునికి తప్పక చెప్పాలి.

వేడి, మందులు

మట్టి మిద్దె కింద ఎండాకాలం గడపడం సులువు. పైఅంతస్తులోని సిమెంటు స్లాబు కింద ఏప్రిల్, మే నెలలలో రాత్రి కూడా వేడి దిగదు. లిఫ్టు లేని పైఅంతస్తు కంటె కింది వాటానే ఎంచుకోండి. పైఅంతస్తు తప్పకపోతే స్లాబు మీద తెల్లసున్నమో, వేడిని తిప్పికొట్టే తెల్లరంగో వేయించండి. పెద్ద వయసులో దాహం తెలియడం తగ్గుతుంది. కాబట్టి దాహం కోసం ఎదురు చూడకుండా నీళ్ళు తాగాలి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత తాగాలో వైద్యుని అడగాలి.

చిన్న ఇంట్లో ఇద్దరి మందులూ ఒకే డబ్బాలోకి చేరతాయి. ఒకరి చక్కెర బిళ్ళ మరొకరు వేసుకుంటే ప్రాణం మీదికి రావచ్చు. వేర్వేరు రంగుల డబ్బాలు పెట్టి, పెద్ద అక్షరాలతో పేర్లు రాయండి. పాత ఇంటి గూళ్ళలో మిగిలిన కాలం చెల్లిన మందులను కొత్త ఇంటికి తేవద్దు.

ఇద్దరికీ పని ఉండాలి

ఇక్కడ మగవారికి ఒక మాట. పొలమో ఉద్యోగమో మానినవారు టీవీ ముందు కూర్చుంటే, ఇల్లాలు మాత్రం అదే వంట, అదే గిన్నెల దగ్గర నిలబడి ఉంటుంది. ఇల్లు చిన్నదైనంత మాత్రాన ఆమెకు విరమణ దొరకదు. కూరలు తరగడం, బట్టలు ఆరేయడం మీరు తీసుకోండి. అది ఆమెకు విశ్రాంతి, మీకు వ్యాయామం. బ్యాంకుకు వెళ్ళడం, కరెంటు బిల్లు కట్టడం ఆమెకు నేర్పండి.

దీనికి మరో కారణం కూడా ఉంది. చెప్పడానికి కష్టమైనా దాచవలసినది కాదు. ఇద్దరి కోసం తీసుకున్న ఈ ఇల్లు ఏదో ఒకనాడు ఒక్కరిదవుతుంది. ఆ ఒక్కరికి అన్నం వండుకోవడం తెలియాలి, పొరుగువారి తలుపు తట్టే చనువుండాలి. ఇంటి పత్రాలు మీ ఇద్దరిలో ఒకరి పేరనే ఉండాలి. ఆస్తిని పిల్లలకు రాసివ్వదలిస్తే, మిమ్మల్ని పోషించాలనే షరతును పత్రంలోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం, ఆ షరతు తప్పితే ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. సహాయానికి వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567, అత్యవసరానికి 108 నంబర్లను గోడమీద పెద్దగా రాసి పెట్టుకోండి.

శ్రీశైలం జలాశయంలో ఊళ్ళు మునిగినప్పుడు మన జిల్లా పెద్దలు ఎందరో తమకిష్టం లేకుండానే ఇల్లు వదిలారు. మీరు కోరుకుని మారుతున్నారు, కాళ్ళలో సత్తువ ఉండగానే మారుతున్నారు. ఇది అందరికీ దొరికే అవకాశం కాదు. మీరు ఇప్పుడు అరవైలలో ఉంటే ఈ పనిని ఎనభైలకు వాయిదా వేయకండి. కొత్త వీధిలో పదిమంది పేర్లు తెలుసుకోవడానికి, కొత్త దారులు పాదాలకు అలవాటు కావడానికి కొంత కాలం పడుతుంది.

రేపు ఉదయమే ఒక చిన్న పరీక్ష చేసుకోండి. కుర్చీలో కూర్చుని, చేతులు గుండెమీద కట్టుకుని లేవండి. దంపతులిద్దరూ లేవగలిగితే సంతోషం. లేవలేకపోతే ఆ సాధన ఆ రోజే మొదలుపెట్టండి, ఒకరి పక్కన ఒకరు నిలబడి.