రంగు తక్కువ

అలిపిరిలో చెప్పులు వదిలి తొలిమెట్టుకు దణ్ణం పెట్టుకునేసరికి ఉదయం ఆరు కావస్తున్నది. మెట్లు 3550. ఒకప్పుడు నాకు అవి లెక్కలోవి కావు. ఇప్పుడు గాలిగోపురం దగ్గరే దేవుడు కనిపించాడు! వెంట మా మేనకోడలు ఉన్నది. చిత్తూరులో పిల్లలకు జీవశాస్త్రం చెబుతుంది. కాళ్ళకూ, నోటికీ కూడా వేగం ఎక్కువ.

మొక్కు మా అక్కయ్యది. పిల్లకు మూడో సంబంధం కూడా తప్పిపోయింది. చదువు నచ్చింది, జాతకాలు కలిశాయి, కాఫీ సైతం బాగుందన్నారు. వారం గడిచాక మధ్యవర్తిచేత కబురు వచ్చింది: "పిల్ల రంగు తక్కువ." నల్లని స్వామిని చూడడానికి ఇన్ని మెట్లెక్కే జాతి మనది. కోడలి దగ్గరకు వచ్చేసరికి మాత్రం లెక్క మారుతుంది.

మోకాళ్ళ పర్వతం దగ్గర చతికిలబడి, పత్రికకు పంపుదామని రాసిన పెళ్ళి ప్రకటన దానికి చూపించాను. చదివింది. "చామనచాయ అని రాశావేం మామా? నలుపు అనడానికి చెయ్యి రాలేదా?" అన్నది. నవ్వుతూనే అన్నది గాని, తగలవలసిన చోటే తగిలింది. మధ్యవర్తిని తిట్టుకున్న నేనూ ఆ పనే చేశాను కదా!

"అసలు తక్కువేమిటి మామా? ఎక్కువ!" అంటూ అందుకుంది. రంగు పుట్టించే కణాల లెక్క ఏ దేశం మనిషికైనా దాదాపు ఒకటేనట. అవి తయారుచేసే మెలనిన్ ఎంత, ఏ రకం అన్నదే తేడా. నల్లని చర్మంలో అది ఎక్కువ. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అదే గొడుగు.

కల్యాణకట్టలో ఆమె మూడు కత్తెర్లిచ్చింది. నేను గుండు చేయించుకున్నాను. నన్ను చూసి పకపకా నవ్వి, "మామా, నీ తల నీకంటే తెలుపు!" అన్నది. చుట్టూ చూశాను. తమిళులు, కన్నడిగులు, మరాఠీలు, మనవాళ్ళు - అందరివీ రెండు రంగుల తలకాయలే. నుదురు వరకూ ఎండ మేసిన రంగు, ఆపైన జుట్టు దాచిపెట్టిన రంగు.

"మనుషుల కథా ఇదే" అన్నది. ఒళ్ళంతా బొచ్చున్న రోజుల్లో మన పూర్వుల చర్మం పాలిపోయి ఉండేదనీ, చింపాంజీకి బొచ్చు కింద నేటికీ అంతేననీ చెప్పింది. ఆఫ్రికా ఎండల్లో చెమటపట్టి ఒళ్ళు చల్లబడాలంటే బొచ్చు అడ్డం. అది పోయింది, చర్మం సూర్యుడికి చిక్కింది. ఎండకు కమిలిన నలుపు పిల్లలకు రాదు. పుట్టుకతో రంగు ఎక్కువైనవారి సంతానమే ఎక్కువగా నిలిచి, తరతరాలకూ నలుపు స్థిరపడింది. 12 లక్షల ఏళ్ళనాటికే ఇది జరిగిందని ఒక అంచనా.

నలుపు కాపాడినది ఏమిటని అడిగాను. "తోటకూరలో, పాలకూరలో ఉండే ఫోలేట్. కడుపులో బిడ్డకు వెన్నుపాము సరిగా ఏర్పడాలంటే అది కావాలి. ఎండ దాన్ని విరగ్గొడుతుందని 1978లో బ్రాండా, ఈటన్ చూపించారు." ఉత్తరాదికి పోయినవారికి కష్టం వేరు. అక్కడ చలికాలపు ఎండలో బలం ఉండదు. చర్మం విటమిన్ డి తయారుచెయ్యలేకపోతే ఎముకలు వంగిపోతాయి. అక్కడ గొడుగు పలచబడ్డవాళ్ళు నెగ్గారు. 2000లో జబ్లాన్‌స్కీ, చాప్లిన్ అనే శాస్త్రజ్ఞులు ఎండ తీవ్రతనూ, మనుషుల రంగునూ దేశదేశాల వారీగా పోల్చి ఈ వాదాన్ని బలపరిచారు.

"సరే, ఒకే ఎండ, ఒకే ఇల్లు. మీ అన్నయ్య తెలుపెందుకు?" అన్నాను, చిక్కిందనుకుని. చిక్కలేదు. హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొన్న పరిశోధన ఒకటి 2013లో వెలువడింది. దక్షిణాదిలో 1228 మంది రంగు కొలిస్తే, వారి మధ్య తేడాలో సుమారు 27 శాతానికి ఒకే జన్యువులోని ఒక చిన్న మార్పు కారణమని తేలింది. యూరపువారి మార్పూ, మన మార్పూ ఒకే మూలానివి. వయస్సు 22 వేల నుంచి 28 వేల ఏళ్ళు. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి కలిసిన దేశం మనది. తల్లీతండ్రీ చీట్లు వేస్తే ఎవరికేది వస్తే అదే రంగు.

బయటికి వచ్చేసరికి పన్నెండున్నర. తిరుపతిలోనే డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం, విటమిన్ డికి మూలపదార్థాన్ని గాజు గొట్టాల్లో పోసి గంటగంటకూ ఎండలో పెట్టి చూసిందట. 2013లోనే ఆ ఫలితాలూ అచ్చయ్యాయి. పదకొండుకూ రెండుకూ మధ్య ఎండే బాగా పనిచేసింది. ఇంత ఎండలోనూ మనవాళ్ళకు ఆ విటమిన్ కొరతే. పల్లెవాళ్ళకంటే నీడపట్టున ఉండే పట్నంవాళ్ళకు మరీ.

నాకు మాత్రం నెత్తి చుర్రుమన్నది. "తువ్వాలు చుట్టుకో మామా. అక్కడ రంగు తక్కువ" అని తాను ముందు నడిచింది.

వరసలో కూర్చున్నప్పుడు కాగితం తీసి చామనచాయ కొట్టేశాను. దాని బదులు ఏమీ రాయలేదు. ఒక పంక్తి తగ్గింది, ఆ మేరకు ప్రకటన ఖర్చూ తగ్గుతుంది. అక్కయ్యకు ఇంకా చెప్పలేదు.