కల్మ్ ఏటి ఒడ్డున ఉన్ని మిల్లు

టివర్టన్ పార్క్‌వే స్టేషన్‌లో రైలు దిగితే అఫ్కల్మ్ ఊరు దగ్గరే. ఇంగ్లండ్‌లో నైరుతిన ఉన్న డెవన్ కౌంటీ ఇది. దారి పొడవునా కంచెలు, పచ్చిక, గొర్రెల మందలు. ఇక్కడ ఫ్యాక్టరీ ఏమిటని ఆలోచిస్తుండగానే చెట్ల పైన పొగగొట్టం కనిపించింది. అదే కోల్డ్‌హార్బర్ మిల్లు. 1981 దాకా ఉన్ని నూలు తీసింది. మూతపడ్డ మరుసటి ఏడే మ్యూజియంగా తలుపులు తెరిచింది.

ఈ జాగాను 1797లో థామస్ ఫాక్స్ 1,100 గినీలకు కొన్నాడు. ఆయన కుటుంబానికి పక్క కౌంటీలోని వెల్లింగ్టన్‌లో ఉన్ని బట్టల వ్యాపారం. అప్పటిదాకా నూలు పల్లెల్లో ఇంటింటా చేతులతో వడికేవారు. యంత్రాలు వచ్చాక వాటిని తిప్పడానికి పారే నీళ్లు కావాలి. ఇక్కడ కల్మ్ ఏరుంది, ఆ నీటితో తిరిగే పిండి మర కూడా అప్పటికే ఉంది. రెండేళ్లు తిరిగేసరికి ఫ్యాక్టరీ లేచింది.

బయట నిలబడి ఆ కట్టడాన్ని చాలాసేపు చూశాను. రాతి గోడలు, కిటికీల చుట్టూ ఎర్ర ఇటుక. చుట్టూ ఇంత ఖాళీ నేల పెట్టుకుని అంతస్తు మీద అంతస్తు ఎందుకు వేసినట్టు? లోపలికి వెళ్లాకే తెలిసింది. నీటి చక్రం దగ్గర పుట్టిన బలం ఇరుసుల మీదుగా ప్రతి యంత్రానికీ చేరాలి. దూరం పెరిగేకొద్దీ రాపిడిలో బలం పోతుంది. అందుకే అడ్డంగా పరచకుండా నిలువునా పేర్చారు. వెడల్పు ఎక్కువైతే మధ్యలో వెలుతురు ఉండదు, తెగిన పోగు కంటికి కనబడదు. అందుకని ఇరుకుగా కట్టి వరసగా కిటికీలు పెట్టారు. అలంకారం కోసం పెట్టింది ఒక్కటీ లేదు. అయినా అందంగా ఉంది. అవసరాన్ని ఇంత నిజాయితీగా చూపించే గోడలు నేను ఎక్కువ చూడలేదు.

నీటి చక్రం ఇప్పటికీ ఉంది. ఏరు ఎండిన రోజుల కోసం 1860లలో ఆవిరి యంత్రం తోడైంది. 1910లో పాలిట్ అండ్ విగ్జెల్ కంపెనీ చేసిన 300 అశ్వశక్తి ఇంజను వచ్చింది. దాని గది పెళ్లివారిల్లంత శుభ్రం. పెద్ద చక్రం అంచున గాడులు, గాడుల్లో లావుపాటి మోకులు. ఒక్కో అంతస్తుకూ బలం మోసుకెళ్లింది ఆ మోకులే. నూనె మరకంటిన చేతులతో ఒక వాలంటీరు ఇత్తడి భాగాలు తుడుస్తున్నాడు. వివరం అడిగితే పని ఆపి ఓపిగ్గా చెప్పాడు.

పైన వడికే గదిలో యంత్రం నడిపి చూపించారు. చెవులు దిబ్బళ్లు పడ్డాయి. అరికాళ్ల కింద నేల అదిరింది. పొడుగు పోగులన్నీ ఒకే దిక్కున పడుకునేలా ముందే దువ్విన ఉన్ని, మెత్తటి పాయగా లోపలికి పోతుంది. రోలర్ల మధ్య సాగుతూ సాగుతూ సన్నబడి, చివర మెలి తిరిగి కండె మీద నున్నటి దారమై చుట్టుకుంటుంది. దీనికి భిన్నంగా మన కురుమలు గొంగడి నేసే దక్కనీ గొర్రె ఉన్ని పొట్టిది, బిరుసుది. దాన్ని ఏకి, వడికి, నేత మీద చింతగింజల గంజి పట్టిస్తారు. ఏ గొర్రె ఉన్ని ఎలాంటిదో దాన్నిబట్టే పనితనం.

ఫాక్స్ కుటుంబం క్వేకర్లు. యుద్ధం పాపమని నమ్మే క్రైస్తవులు. కానీ మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు పిక్కలకు చుట్టుకునే ఉన్ని పట్టీలను వాళ్ల కంపెనీయే బ్రిటిష్ సైన్యానికి కుప్పలు తెప్పలుగా సరఫరా చేసింది. ఆ పట్టీల అలవాటు హిమాలయాల వైపు నుంచే తెల్లవాళ్లకు అబ్బింది. మన పాత పోలీసు జవాన్ల ఫొటోల్లోనూ అవే కనిపిస్తాయి. ఆ నమ్మకానికీ ఈ ఆర్డర్లకూ పొత్తు ఎలా కుదిరిందన్న ప్రశ్న నన్ను వదల్లేదు.

ఇక్కడ నాకు పదేపదే గుర్తొచ్చింది వరంగల్ ఆజంజాహి మిల్లు. అది పత్తి నూలు మిల్లు, నిజాం కాలంలో 1934లో పుట్టింది, వేలమందికి అన్నం పెట్టింది. మూతపడ్డాక ఆ నేల ప్లాట్లయింది. అక్కడ బతికిన కార్మికుల మనవలకు తాతలు ఏ యంత్రం ముందు నిలబడ్డారో చూపించడానికి ఏమీ మిగల్చలేదు మనం. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. కోల్డ్‌హార్బర్‌ను కాపాడినవాళ్లు గోడలతోపాటు పనిని కూడా నిలబెట్టారు. యంత్రాలు తిరుగుతూనే ఉన్నాయి, నూలు వస్తూనే ఉంది.

వెళ్లేవాళ్లు ఆవిరి ఇంజను నడిపే రోజు చూసుకుని వెళ్లండి. అది రోజూ నడవదు. బాయిలర్ వేడెక్కి, మోకులు కదిలితేనే ఆ అంతస్తులన్నీ ఎందుకలా ఉన్నాయో పూర్తిగా అర్థమవుతుంది.