పదిహేను వాట్ల ఆంప్, ఒక మైకు, మా నాయనమ్మ పాట



ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి మేం పెట్టిన పాట విన్నాక గ్రూపులో చాలామంది ఒకటే అడిగారు, "గిటారు ఏ స్టూడియోలో చేయించారు తమ్ముడూ?" అని. స్టూడియో ఏమీ లేదన్నా. ఉంగుటూరులో ఒక అద్దెగదిలో చేశాం. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నా. కొంచెం పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి. గిటారుతో పని లేనివాళ్ళు కూడా చదవండి, చివర్లో మీకూ ఒక పని ఉంది.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. మాది వేలేరుపాడు వైపు కోయ గూడెం. పోలవరం ముంపు వల్ల ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నాం. మా ఇంట్లో కాలేజీ గేటు దాటిన మొదటివాణ్ణి నేనే. తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా గూడెం అన్నయ్య ఒకాయన ఉంగుటూరులో రైసుమిల్లులో లెక్కలు రాస్తాడు. చిన్నప్పుడు గూడెం చర్చిలో గిటారు నేర్చుకున్నాడు. ఆదివారం అయితే నేను బస్సెక్కి ఆయన గదికి పోతా. ఆయన దగ్గర పదిహేను వాట్ల సెకండ్ హ్యాండ్ ఆంప్ ఉంది. మైకు మాత్రం మైకుసెట్టు బాబాయ్ దగ్గర అద్దెకి తెచ్చాం. పెళ్ళిళ్ళలో, మీటింగుల్లో వాడే మామూలు డైనమిక్ మైకే. ఆడియో ఇంటర్‌ఫేస్ ఐదుగురం డబ్బులేసుకుని కొన్నాం. లాప్‌టాప్ ఒక ఫ్రెండుది. దాంట్లో ఆడాసిటీ ఉచితంగా వచ్చేదే. ఇంతే సరంజామా.

"గిటారు వైరు తీసుకెళ్ళి లాప్‌టాప్‌కే పెట్టేస్తే సరిపోదా, ఆంప్ ముందు మైకు ఎందుకు?" అని మా హాస్టల్ వాళ్ళు అడిగారు. మంచి ప్రశ్నే. ఎలక్ట్రిక్ గిటారు చప్పుడు సగం గిటారులో, సగం ఆంప్ స్పీకర్లో పుడుతుంది. ఆంప్‌లో ఉండే స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన సన్న శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. అందుకే డిస్టార్షన్ పెట్టినా చెవికి గుండ్రంగా వినపడుతుంది. స్పీకరు లేకుండా నేరుగా తీస్తే అదే డిస్టార్షన్ డబ్బాలో జోరీగలా గీపెడుతుంది. ఇప్పుడు స్పీకరును అనుకరించే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. మా దగ్గర ఆంప్ ఉంది కాబట్టి ఆంప్‌తోనే చేశాం.

పదిహేను వాట్లు చాలా అనే అనుమానం వద్దు. మన చెవికి చప్పుడు రెట్టింపు అనిపించాలంటే పవర్ సుమారు పది రెట్లు కావాలి. అంటే వంద వాట్ల ఆంప్ పది వాట్లదానికంటే రెండింతలే గట్టిగా వినిపిస్తుంది. గదిలో అయితే పదిహేను వాట్లు కూడా ఎక్కువే. మేం సగం కూడా తిప్పలేదు, పక్కింటి అత్తగారు గోడ మీద కొట్టే దాకా తెచ్చుకోలేదు.

ఇక అసలు విద్య మైకు ఎక్కడ పెట్టాలనేదే. ఆంప్ ముందు గుడ్డ ఉంటుంది కదా, ఫోన్ లైటు వేసి చూస్తే దాని వెనకాల స్పీకరు గుండ్రం కనిపిస్తుంది. మైకు సరిగ్గా నడిమధ్యకి గురిపెడితే చప్పుడు చురుగ్గా, గుచ్చినట్టు వస్తుంది. అంచు వైపు జరిపే కొద్దీ మెత్తబడుతుంది. నాలుగు వేళ్ళు జరిపితే అది వేరే గిటారేమో అనిపిస్తుంది. ఆంప్ మీద బటన్లు తిప్పేకంటే ముందు మైకుని జరిపి చూడండి. ఒకరు వాయిస్తుంటే ఒకరు హెడ్‌ఫోన్ పెట్టుకుని మైకుని మెల్లగా జరుపుతూ పోవాలి, బావుందన్న చోట నేల మీద సుద్దముక్కతో గీత గీసుకోవాలి.

దూరం కూడా అంతే. ఈ రకం మైకు గుడ్డకి అంగుళం దూరంలో ఉంటే బరువు శబ్దం పెరుగుతుంది. వెనక్కి జరిపితే ఆ బరువు తగ్గి గది చప్పుడు కూడా వచ్చి కలుస్తుంది. మేం రెండంగుళాల దగ్గర, మధ్యకీ అంచుకీ నడుమ పెట్టాం. పేరున్న మైకు లేదని బాధపడకండి. ప్రపంచమంతా గిటారు ఆంప్‌ల ముందు కనిపించే షూర్ ఎస్ఎం57 అనే మైకు 1965లో వచ్చింది. అది కూడా డైనమిక్ మైకే. అమెరికా ప్రెసిడెంటు ఉపన్యాసాల బల్ల మీద ఉండేదీ అదే. మైకుసెట్టు మైకు పనిచేసే సూత్రం కూడా అదే.

రెండో మైకు పెట్టి చూశాం, కొంచెం వెనకాల. పాట పల్చబడిపోయింది. కారణం ఇది. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. ఒక మైకు కంటే ఇంకోటి 34 సెంటీమీటర్లు వెనకుంటే అదే చప్పుడు దానికి వెయ్యో వంతు సెకను ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిపినప్పుడు 500 హెర్ట్జ్ దగ్గర ఒకటి పైకి నెడుతుంటే ఇంకోటి కిందికి లాగుతుంది, ఆ శబ్దం కొట్టుకుపోతుంది. ఇంట్లో చేసేవాళ్ళకి ఒక్క మైకు చాలు.

లెవెల్ సంగతి. ఎర్ర గీత దాటితే తర్వాత ఎవరూ బాగుచేయలేరు. గట్టిగా వాయించినప్పుడు కూడా మీటరు మైనస్ 12 డీబీ దగ్గర ఉండేలా పెట్టుకోండి. 24 బిట్‌లో తీస్తే తక్కువ లెవెల్లో తీసినా తర్వాత పెంచుకోవచ్చు.

గుంయ్ మనే చప్పుడు ఇంకో తలనొప్పి. అది మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. ట్యూబులైటు, ఫ్యాను రెగ్యులేటరు, ఫోన్ చార్జరు కట్టేసి, గిటారు పట్టుకున్న మనిషి మెల్లగా చుట్టూ తిరిగితే ఏదో ఒక వైపు గుంయ్ తగ్గుతుంది. అక్కడే కూర్చుని వాయించాలి. చాలామంది గుంయ్ పోవడానికి ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. మన కాలనీ ఇళ్ళల్లో చాలాచోట్ల ఎర్తింగే సరిగ్గా ఉండదు. ఒక చేత్తో గిటారు తీగలు పట్టుకుని పెదాలు మైకుకి తగిలిస్తే షాక్ కొట్టే అవకాశం ఉంది. ముందు టెస్టర్ పెట్టి చూడండి, ఎర్త్ ఉన్న చోటే వాయించండి. పాట కోసం ప్రాణం మీదకి తెచ్చుకోవద్దు.

ఉంగుటూరులో బయటి చప్పుళ్ళు కూడా తక్కువేం కాదు. ఒక పక్క రైలు లైను, ఇంకో పక్క హైవే, బోరు మోటార్లు. చెరువుల వైపు పోతే ఏరియేటర్ల హోరు. రైలు వెళ్ళాక వచ్చే ఖాళీలో ఒక్కో ముక్క తీసుకున్నాం.

గది చప్పుడు గురించి నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇది మనందరి సంగతి. మా పాత గూడెంలో ఇల్లు వెదురు తడిక మీద మట్టి మెత్తింది, పైన తాటాకు. అందులో చప్పట్లు కొడితే చప్పుడు అక్కడే ఆగిపోయేది. ఆకు, మట్టి, సందులు శబ్దాన్ని తాగేస్తాయి. స్టూడియోలు లక్షలు పోసి కట్టుకునే గోడల పని అదే. ఇప్పుడు కాలనీలో స్లాబు ఇల్లు. ఎదురెదురు గోడలు, సిమెంటు నేల. చప్పట్లు కొడితే టర్‌ర్ మని గోడకీ గోడకీ మధ్య కొట్టుకుంటుంది. నాయనమ్మ అందుకే ఇంట్లో పాడడం మానేసింది, "నా గొంతు నన్నే తరుముతోంది" అంటుంది. ఉంగుటూరు గదిలో మూడు బొంతలు తాడు మీద వేలాడదీసి, ఆంప్ కింద ధాన్యం బస్తా వేసి ఎలాగో లొంగదీశాం. నాయనమ్మ గొంతుకి మాత్రం ఇంటి పక్కన మేకలు కట్టేసే తాటాకు పందిరే స్టూడియో అయింది. డోలు ఆరుబయట చెట్ల కింద తీశాం.

ఇక పాట. భూమి పండగప్పుడు మన ఆడవాళ్ళు రోడ్డు మీద వచ్చేపోయే బళ్ళు ఆపి, పాడి డబ్బులు అడుగుతారు కదా, ఆ పాట. మా గూడెం రోడ్డు ఇప్పుడు లేదు. కాలనీ ముందున్న రోడ్డు మీద లారీలు ఆగవు. ఆ పాట అన్ని చరణాలూ వచ్చినవాళ్ళు మా కాలనీలో నలుగురే మిగిలారు, నలుగురూ అరవై దాటినవాళ్ళే.

డోలు వాయించే బాబాయ్ మొదట్లోనే అడిగాడు, "మీ గిటారు లేకపోతే ఇది పాట కాదా?" అని. అన్నయ్య, నేను ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ఆ మాటకి ఇప్పటికీ నా దగ్గర పూర్తి జవాబు లేదు. గిటారు ఉంటే హాస్టల్ పిల్లలు వింటారు, అది నిజం. గిటారు ఉంటే డోలు, గొంతు వెనక్కి పోతాయి, అదీ నిజమే. ఆ రాత్రంతా మాట్లాడుకుని కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం.

ఒకటి, ముందు నలుగురు ఆడవాళ్ళనీ అడగాలి. పాట వాళ్ళది. అడిగాం, ముగ్గురు వెంటనే సరే అన్నారు. ఒకామె "డబ్బులు అడిగే చరణం పెట్టొద్దు, చూసేవాళ్ళు అడుక్కుంటున్నారనుకుంటారు" అంది. ఆ చరణం బయట పెట్టలేదు. రికార్డు మాత్రం ఆమె ఇష్టంతోనే ఇంట్లో ఉంది.

రెండు, గొంతు, డోలు మొత్తం పాట గిటారు లేకుండా తీసి, ఏమీ మార్చకుండా దాచాలి. అది అసలు. మనం గ్రూపులో పెట్టింది దాని మీద కట్టిన ఇంకో పాట మాత్రమే.

మూడు, గిటారే వాళ్ళ దారికి రావాలి. నాయనమ్మ శ్రుతి ఏ గిటారు మెట్టు మీదా సరిగ్గా కూర్చోలేదు, రెండు మెట్లకి నడుమ ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఆమె గొంతు సరిచేయొచ్చు. మేం చేయలేదు. అన్నయ్య ఆమె గొంతు వింటూ ఆరు తీగలూ ఆమెకి శ్రుతి చేశాడు. మెట్రోనోమ్ కూడా పెట్టలేదు, బాబాయ్ డోలు ఎక్కడ ఉరికితే గిటారు అక్కడ ఉరకాలి. గిటారు బరువు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, డోలు బరువు కూడా ఆ చుట్టుపక్కలే. అందుకని గిటారులో 100 హెర్ట్జ్ కింద కోసేశాం. మైకు అంచు వైపు పెట్టింది కూడా ఇందుకే. గిటారు మెత్తగా ఉంటేనే ఆమె మాట ప్రతి అక్షరం వినిపిస్తుంది. ఆమె పాడుతున్నంతసేపూ గిటారు ఒక్క తీగ మీదే ఉంటుంది, ఆమె ఊపిరి తీసుకున్నప్పుడే మాట్లాడుతుంది.

ఇదేదో మనం కొత్తగా చేస్తున్నది కాదు. అమెరికాలో లింక్ రే, తన తల్లి తరఫువాళ్ళు షానీ తెగ అని చెప్పుకున్న గిటారిస్టు, ఆంప్ స్పీకరుకి పెన్సిల్‌తో పొడిచి కన్నాలు పెట్టి ఆ గరగరతో 1958లో "రంబుల్" అనే పాట విడుదల చేశాడు. అందులో మాటే లేదు, అయినా కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని వేయకుండా ఆపేశాయి. సహారా ఎడారిలో తువారెగ్ వాళ్ళు, వలసల్లో, శిబిరాల్లో బతికినవాళ్ళు, టినారివెన్ అని బృందం కట్టి సొంత భాషలోనే ఎలక్ట్రిక్ గిటార్లతో పాడారు. 2012లో గ్రామీ అందుకున్నారు. ఇంకో దారి మన సకిని రామచంద్రయ్య తాతది. మణుగూరు వైపు డోలుతో కోయ వీరుల కథలు పాడిన మనిషి. గిటారు లేకుండానే 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. 2024లో మనల్ని విడిచి వెళ్ళిపోయాడు. బాబాయ్ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

పాట అయ్యాక హెడ్‌ఫోన్ నాయనమ్మ చెవికి పెట్టాం. మొత్తం విని, "ఆ వెనకాల పిల్లోడు బాగానే ఊకొడుతున్నాడు" అంది. ఊకొట్టే పిల్లోడంటే గిటారు. అన్నయ్యకి అంతకంటే మెచ్చుకోలు అక్కర్లేదు.

ఇప్పుడు మీ పని. ఆంప్ వద్దు, ఇంటర్‌ఫేస్ వద్దు, ఫోన్ చాలు. ఈసారి ఊరెళ్ళినప్పుడు తాతనో అవ్వనో అడిగి ఒక్క పాట తీయండి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, ఫ్యాను కట్టేయండి. స్లాబు గది వద్దు, పందిరో చెట్టు నీడో చూడండి. ఫోన్ వాళ్ళకి మూరెడు దూరంలో, చేత్తో పట్టుకోకుండా బొంత మీద పెట్టండి. మొదట్లో వాళ్ళ పేరు, గూడెం, తేదీ, ఏ పండగ పాటో వాళ్ళ నోటితోనే చెప్పించండి. మధ్యలో దగ్గినా, మరిచిపోయినా ఆపొద్దు. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే నాణ్యత తగ్గిపోతుంది. ఒక కాపీ ఫోన్లో, ఇంకోటి వేరే చోట పెట్టండి. బయట పెట్టే ముందు పాడినవాళ్ళని అడగండి.

గిటారు, ఆంప్ ఉన్నవాళ్ళకి ఏ డౌటున్నా కింద అడగండి, తెలిసింది చెప్తా. అన్నయ్యతో కూడా చెప్పిస్తా. ఆదివారం అయితే ఉంగుటూరు రండి. బొంత మాత్రం మీదే తెచ్చుకోవాలి.

జోహార్.