మోతి విద్యాభ్యాసము

గోదావరీ తీరమున వెలసిన బాసర క్షేత్రము చదువులతల్లికి నిలయము. 2016వ సంవత్సరమునకు పూర్వము ఆదిలాబాదు జిల్లాలో చేరియుండిన ఈ గ్రామము నేడు నిర్మల్ జిల్లాలో నున్నది. వ్యాసమహర్షి ఇచ్చట తపమాచరించి, గోదావరినుండి ఇసుకను తెచ్చి సరస్వతీదేవిని ప్రతిష్ఠించెనని స్థలపురాణము తెలుపుచున్నది. దూరప్రాంతములనుండి తలిదండ్రులు పసిబిడ్డలను ఇచ్చటికి తీసికొనివచ్చి అక్షరాభ్యాసము చేయింతురు. ఒడిలోని బిడ్డ చేయి పట్టుకొని పలకపై తొలి అక్షరమును దిద్దించుట ఈ ఊరిలో నిత్యము కనబడు దృశ్యము.

ఇట్టి ఊరిలో స్థిరనివాస మేర్పరచుకొని, ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు తెలుగు బోధించి, ప్రధానోపాధ్యాయుడనై విశ్రాంతి పొందితిని. ఇక శిష్యులు లేరనుకొనుచున్న కాలమున నాకొక క్రొత్త శిష్యుడు లభించెను. ఆ శిష్యునకు నాలుగు కాళ్ళును, ఒక తోకయు ఉండెను.

మార్గశిర మాసమున, చలి మిక్కుటముగా నున్న దినములలో, ఎనిమిదవ తరగతి చదువుచున్న నా మనుమరాలు ఒక కుక్కపిల్లను ఇంటికి తెచ్చెను. పొరుగూరి రైతు పశువుల కొట్టములో నాటుకుక్క యొకటి అయిదు పిల్లలను పెట్టినది. రెండు నెలలు నిండువరకు పిల్లలను తల్లినుండి వేరుచేయనని ఆ రైతు పట్టుబట్టెనట. అతడు తెలిసిన మనిషి. తోడి పిల్లలతో పెనగులాడునపుడే కుక్కపిల్ల ఎంత గట్టిగా కరచిన ఎదుటిదానికి నొప్పి కలుగునో నేర్చుకొనును. ముందుగా విడదీసినచో ఆ పాఠము సగములో ఆగిపోవును. ఆ పిల్ల గోధుమవన్నె ఒడలును, తెల్లని తోకకొనయు కలిగి ముద్దుగా నుండెను. పిల్లలు దానికి మోతి యని పేరు పెట్టిరి.

ముద్దు రెండు దినములు మాత్రమే నిలిచెను. తొలిరాత్రి అది తెల్లవారువరకు ఏడ్చెను. మరునాడు వసారాలో మూత్రము పోసెను; మధ్యాహ్నము వంటింటిలో మలవిసర్జన చేసెను; మూడవనాడు పూజగది గడపనే తడిపెను. నా సహధర్మచారిణి ఓర్పుగలదియే కాని, గడప తడిసిన పిమ్మట ఆమె ఒక కట్టడి చేసెను.

"వసంతపంచమికి చుట్టములందరు వత్తురు. మా చెల్లెలి మనుమనికి అక్షరాభ్యాసము. అప్పటికి దీనికి ఇంటి మర్యాద తెలిసినచో ఉండును. లేనిచో వచ్చిన చోటికే పంపెదము" అనెను.

వసంతపంచమికి ఆరు వారములే గడువుండెను. ఆ రైతు ఇంట తల్లికుక్కకే తిండి అంతంతమాత్రము. తిరిగి పంపిన పిల్ల కొట్టములో నిలువదు, రహదారి పాలగును. భైంసా దారిలో బండ్ల రాకపోకలు ఎట్టివో మా పిల్లలకు తెలియును. ఆ రాత్రి మనుమరాలు అన్నము సరిగా తినలేదు.

పొరుగింటి పెద్దమనిషి ఒకరు వచ్చి, "పంతులుగారూ, ఇందులో ఏమున్నది? తప్పు చేసినచోటనే దాని ముక్కును నేలకు రాచి రెండు దెబ్బలు వేయుడు. తానే నేర్చుకొనును" అని ఉపాయము చెప్పిరి. నేను వారించులోపలనే నా మనుమడు ఆ ఉపాయమును ఒకసారి అమలుపరచెను. ఫలితము మరునాడే కనబడెను. మోతి నడుమ ఇంటిలో తడుపుట మానినది. ధాన్యపు గుమ్మి వెనుకకు పోయి, ఎవరికిని కనబడకుండ ఆ పని చేసివచ్చినది. మనుమడు దగ్గరకు పోయినచో చెవులు వాల్చి మంచము క్రింద దూరసాగెను. అది నేర్చినది ఇంటి మర్యాద కాదు, దాగుట.

వ్యాసుడు నడయాడినదని చెప్పుకొను ఈ ఊరిలో భారతకథ గుర్తునకు రాకుండునా? ఆ రాత్రి పిల్లలకు ఆదిపర్వములోని సరమ కథ చెప్పితిని. జనమేజయ మహారాజు కురుక్షేత్రమున సత్రయాగము చేయుచుండగా సరమ యను దేవశుని కుమారుడు అచ్చటికి వచ్చెను. రాజు తమ్ములు ఆ కుక్కపిల్లను కొట్టిరి. అది ఏడ్చుచు తల్లియొద్దకు పోయెను. సరమ యాగశాలకు వచ్చి, "నా బిడ్డ హవిస్సును చూడలేదు, నాకలేదు, ఏల కొట్టితిరి?" అని అడిగెను. ఎవరును బదులు చెప్పలేకపోయిరి. నిరపరాధిని కొట్టినందులకు ఎదురుచూడని భయము కలుగునని చెప్పి ఆమె వెడలిపోయెను. అంతటి మహాభారతమునందు మొదటి ఘట్టములలోనే ఒక కుక్కపిల్లకు తగిలిన దెబ్బను గూర్చి న్యాయవిచారణ కలదు.

"మన మోతి తడిపినది కదా తాతా! అది నిరపరాధి ఎట్లగును?" అని మనుమడు ప్రశ్నించెను.

మంచి ప్రశ్న. తడుపుట నిజమే, కాని అది తప్పని దానికెవ్వరు చెప్పిరి? కుక్కపిల్ల తాను చేసిన పనిని, దాని ఫలితమును ఒక్క క్షణములో కలిసి వచ్చినప్పుడే ముడివేసికొనగలదు. పావుగంట గడచిన పిదప కొట్టిన దెబ్బకు అది ఎరిగిన కారణము ఒక్కటే: ఈ మనుష్యుడు వచ్చినచో నొప్పి కలుగును.

బోధనాశాస్త్రమున ఒక సూత్రము కలదు. విద్యార్థిని తెలిసినదానినుండి తెలియనిదానికి నడిపింపవలెను. మోతికి తెలిసినదేమి? పుట్టిన మొదటి రెండు మూడు వారములు తల్లికుక్క పిల్లలను నాకి మలమూత్రములు విడిపించి, పడక శుభ్రముగా నుంచును. నడక వచ్చిన పిమ్మట పిల్లలు తామే పడకను విడిచి అవతలికి పోయి విసర్జించును. పండుకొనుచోటు చెరుపరాదన్న మొదటి పాఠమును తల్లియే చెప్పి పంపినదన్నమాట. మనము చేయవలసినదెల్ల ఆ పడకను పెంచి, ఇల్లంతయు పడకయే యని దానికి తెలియజేయుట.

మొదట మనుమరాలిచేత ఒక నోటుపుస్తకములో పట్టిక గీయించితిని. మోతి నిద్రలేచిన వేళ, తిన్న వేళ, ఆడిన వేళ, తడిపిన వేళ అందులో వ్రాయవలెను. నాలుగు దినములు గడచునప్పటికి పుస్తకమే పాఠము చెప్పెను. తడిపినదెల్ల నిద్రలేచిన వెంటనే, లేక తిన్న అరగంటలోపల, లేక ఆటలో అలసిన పిమ్మట. రెండు నెలల పిల్ల పగటివేళ రెండు మూడు గంటలకంటె ఎక్కువసేపు ఆపుకొనజాలదు. దేహమునకే ఆ పట్టు ఇంకను రాలేదు. నాలుగు నుండి ఆరు నెలల వయస్సులో క్రమముగా వచ్చును. పలక పట్టజాలని వ్రేళ్ళు గల బిడ్డను దస్తూరి బాగులేదని కొట్టవచ్చునా?

ఇక కాలపట్టిక వేసితిమి. లేచిన వెంటనే, తిన్న పిమ్మట, ఆట ముగిసిన పిమ్మట, పండుకొనుటకు ముందు, నడుమ ప్రతి రెండు గంటలకొకసారి మోతిని పెరటిలోని వేపచెట్టు మొదటికి తీసికొనిపోవలెను. ఎల్లప్పుడు అదే చోటు, అదే మాట. అచ్చట పని ముగించిన క్షణముననే "శభాష్" అని తల నిమిరి ఒక రొట్టెతునక పెట్టవలెను. ఇంటిలోనికి వచ్చిన తరువాత పెట్టిన తునక ఇంటిలోనికి వచ్చినందులకే బహుమానమగును. రాత్రి ఒకసారి లేచి తీసికొనిపోవు పని నా వంతు. వార్ధక్యమున నిద్ర తక్కువ యగుట ఈ విధముగా ఉపయోగపడినది.

ఎప్పుడైన ఇంటిలో తడిపినచో ఎవ్వరును అరవరాదని నియమము. అప్పుడే కనబడినచో మెల్లగా ఎత్తి వేపచెట్టు కడకు కొనిపోవుట. తరువాత కనబడినచో మౌనముగా తుడుచుట. కుక్క ముక్కు మన ముక్కుకంటె ఎన్నో రెట్లు చురుకైనది. మనకు వాసన పోయినను దానికి పోదు. వాసన ఉన్నచోటనే అది మరల తడుపును. కనుక సబ్బునీటితో రెండుమారులు కడిగి, గోనెపట్టలను ఎండలో ఆరవేసితిమి. అమోనియా గల ద్రావకములు మూత్రమువలెనే వాసన కొట్టును గనుక వానిని వాడరాదు.

తరువాతిది నిద్రపాఠము. పట్టణములలో ఇందుకై ఇనుపకమ్ముల క్రేటు కొందురు. మేము పాత కొయ్యపెట్టెకు ఒక వైపు గాలియాడునట్లు చట్రము బిగించి, చిన్న తలుపు పెట్టించి, లోపల గోనెసంచి పరచితిమి. అందు కుక్కపిల్ల నిలువగలుగవలెను, తిరుగగలుగవలెను, కాళ్ళు చాపి పండుకొనగలుగవలెను. అంతకంటె విశాలమైనచో ఒక మూలను పడకగాను, వేరొక మూలను పెరడుగాను చేసికొనును. మొదటి దినములలో తలుపు వేయనే లేదు. అన్నపుగిన్నె లోపల పెట్టితిమి. తానే పోయి పండుకొన నేర్చిన పిమ్మట తలుపును ఒక నిమిషము, పిదప అయిదు నిమిషములు, పిదప అరగంట మూసితిమి. పెట్టెను రాత్రివేళ నా మంచము ప్రక్కనే యుంచితిని. మనుష్యుని ఊపిరి వినబడుచుండగా ఏడుపు మూడుదినములలో తగ్గెను. నడిరేయి లేచి కదలుచు మూలిగినచో, అది బయటకు పోవలెనన్న మనవి యని గ్రహించితిని.

ఈ పెట్టె విషయమున రెండు జాగ్రత్తలు అవశ్యము. దానిని శిక్షకై వాడరాదు. చెరసాలయైన ఇంటిలో ఎవ్వరును సుఖముగా నిద్రింపరు. పగటివేళ రెండు గంటలకు మించి మూసియుంచరాదు. మన ఉత్తర తెలంగాణపు వేసవిలో గాలిలేని చోట మూయుట ప్రాణాపాయము.

కరచుట మరియొక చిక్కు. కుక్కపిల్లకు 28 పాలపండ్లుండును. నాలుగవ నెలనుండి అవి రాలి, ఏడవ నెలకు 42 పండ్లు వచ్చును. ఆ దినములలో చిగుళ్ళు దురదపెట్టి దేనినైనను కొరుకును. నా చెప్పు ఒకటి ఆ విధముగనే నశించెను. చేతిని కరచినచో ఆట ఆపి, చేతులు కట్టుకొని లేచిపోవుట, ముడివేసిన పాత త్రాటిని అందించుట: ఇంతియే మందు.

ఆరోగ్యవిషయము నవ్వులాట కాదు. పశువైద్యునికి చూపించి కడుపులోని పురుగులకు మందు పోయించితిమి. రక్తవిరేచనములు కలిగించి కుక్కపిల్లలను చంపు పార్వో వ్యాధికి వరుసగా టీకాలు వేయించితిమి; ఆ వరుస ముగియువరకు వీథికుక్కల నడుమ దానిని దింపలేదు. మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క వ్యాధికి టీకా వేయించితిమి. 1885లో పారిస్ నగరమున లూయీ పాశ్చర్ మహాశయుడు కుక్కకాటు తినిన ఒక బాలునికి తన టీకా నిచ్చి కాపాడెను. నేటికిని ఆ వ్యాధి లక్షణములు బయటపడిన పిమ్మట బ్రదుకుట మిక్కిలి అరుదు. కావున ఏ కుక్క కరచినను, గీరినను, గాయమును సబ్బుతో, ధారగా పడు నీటిలో 15 నిమిషములు కడిగి, వెంటనే వైద్యశాలకు పోవలెను. తిట్టుదురని భయపడి ఇంటిలో దాచరాదు.

ఆరు వారములు గడచి వసంతపంచమి వచ్చెను. దేవాలయమున జనము ఇసుక వేసిన రాలకుండ నుండిరి; మా యింట చుట్టములు నిండిరి. అప్పటికి పండ్రెండు దినములుగా మోతి ఇంటిలో తడుపలేదు. పెరటి తలుపును గీరి అడుగ నేర్చినది. కాని ఆనాడు ఉదయమునుండి అందరును గుడికి పోయి వచ్చుటలో నుండిరి. క్రొత్త ముఖములను చూచి మోతి ఉక్కిరిబిక్కిరి యయ్యెను. పెరటి తలుపునకు అడ్డముగా చుట్టముల పెట్టెలు పేర్చియుండెను. మధ్యాహ్నము అది కొంతసేపు అటునిటు తిరిగి, తుదకు వసారాలో పరచిన చాపను తడిపెను.

మనుమరాలి ముఖము వెలవెలబోయెను. ఎవరో కఱ్ఱకై చూచిరి. నా సహధర్మచారిణి బట్ట తెచ్చి తానే చాపను తుడిచి, లేచి అందరివైపు చూచి, "తలుపునకు అడ్డముగా ఈ పెట్టెలు పెట్టినదెవరు? దీనిని వేళకు బయటికి తీసికొనిపోవలసిన వంతు ఎవరిది?" అని అడిగెను. సరమ ప్రశ్నకు వలెనే ఆ ప్రశ్నకును ఎవ్వరును బదులు చెప్పలేదు. ఆనాటినుండి మోతిని పంపివేయు మాట మా యింట వినబడలేదు.

బాలబాలికలారా! కుక్క పది పదునైదేండ్లు బ్రదుకును. దానిని తెచ్చుటకు ముందు, ఇంటిలో దానికై రాత్రి లేచువారెవరు, సెలవులలో ఊరికి పోయినప్పుడు అన్నము పెట్టువారెవరు, టీకాలు వేయించువారెవరు అని విచారించుకొనుడు. బదులు దొరకనిచో తేకుడు. తెచ్చితిరా, దానికి చదువు చెప్పుడు. అది తప్పినప్పుడు కఱ్ఱకంటె ముందు కాలపట్టికను చూడుడు. నోరులేని శిష్యుడు పాఠము రాలేదని చెప్పుకొనజాలడు. ఏల రాలేదో వెదకి కనుగొనుట గురువు పని.