ఎడమచేతి గీతలు

మా చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాల టైమ్ ఉంటుంది. ఎవరైనా లేచి, ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు చెప్పొచ్చు. ఉద్యోగం వచ్చింది, వీసా వచ్చింది, రిపోర్టులు నార్మల్ అని వచ్చాయి. అందరం "స్తోత్రం" అంటాం, వాళ్ళు కూర్చుంటారు. చిన్నప్పుడు నాకు ప్రసంగం కంటే ఇదే ఇష్టం, ఎందుకంటే ప్రతి కథకీ హ్యాపీ ఎండింగే. ఎంసెట్ ర్యాంకు వచ్చినప్పుడు నేనూ లేచి చెప్పాను. (చదివింది నేనే కదా అని లోపల కొంచెం అనిపించింది. అది మాత్రం చెప్పలేదు.)

పోయిన ఏడాది అక్టోబర్‌లో, ఫస్ట్ సెమ్ మధ్యలో, నాన్నకి పక్షవాతం వచ్చింది. నాన్న ఎలక్ట్రీషియన్, ఇళ్ళకి వైరింగ్ చేస్తాడు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట ముద్దముద్దగా అయిపోయింది. మా ఇంటిని నడిపింది ఆ కుడిచెయ్యే. అమ్మ మళ్ళీ కుట్టుమిషన్ ముందు కూర్చుంది.

నేను హాస్టల్లో ప్రార్థన మొదలుపెట్టాను. ఇప్పుడు ఆలోచిస్తే అది ప్రార్థన కాదు, ఇఫ్-ఎల్స్ స్టేట్‌మెంట్. నాన్న చెయ్యి లేస్తే ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటాను. లేవకపోతే? ఎల్స్‌లో ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను. డిసెంబర్ వచ్చింది, చెయ్యి లేవలేదు. క్రిస్మస్ రోజు తలనొప్పి అని చెప్పి ఇంట్లోనే పడుకున్నాను.

చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన, "ఇంట్లో ఎక్కడో పాపం ఉందమ్మా, వెతుక్కోండి" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు, టీ ఇచ్చి పంపేసింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి యోబు గ్రంథం తీశాను. నేను ఇంగ్లీష్ మీడియం బ్యాచ్ కదా, తెలుగు బైబిల్లోని పాత భాష నాకు సగమే అర్థమవుతుంది. మిగతా సగం అమ్మని అడుగుతూ చదివాను. 42 అధ్యాయాలు. యోబు ఆస్తి పోతుంది, పిల్లలు పోతారు, ఒంటి నిండా కురుపులు. ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు రోజులు మాట్లాడకుండా అతనితో పాటు నేల మీద కూర్చుంటారు. అంతవరకు చాలా మంచి ఫ్రెండ్స్. నోరు తెరిచాకే ప్రాబ్లం. నువ్వేదో తప్పు చేసే ఉంటావని అధ్యాయాలకి అధ్యాయాలు వాదిస్తారు. చివర్లో దేవుడికి కోపం వచ్చింది ఆ స్నేహితుల మీద! తన మీద అంత గొడవ పెట్టుకున్న యోబు మీద కాదు. ఇంకో సంగతి, ఈ కష్టం ఎందుకొచ్చిందో యోబుకి ఆఖరి దాకా చెప్పనే లేదు.

జనవరిలో ఒక ఆదివారం సాక్ష్యాల టైమ్‌లో అమ్మ లేచింది. నాకు గుండె జారింది. "ఆయనకి ఇంకా బాగవలేదు. చెయ్యి లేవలేదు. రాత్రిళ్ళు ఏడుపొస్తోంది. దేవుడు మాతోనే ఉన్నాడని నమ్ముతున్నా. అంతే" అని కూర్చుంది. స్తోత్రం అనాలో వద్దో జనానికి అర్థం కాలేదు. వెనక నుంచి ఒక్కరు మెల్లగా అన్నారు. ఆరాధన అయ్యాక ఒకావిడ అమ్మ చెయ్యి పట్టుకుని, కొడుకు తాగుడు గురించి రెండేళ్ళుగా ప్రార్థన చేస్తున్నానని చెప్పింది. మంచి కబురు లేదు కాబట్టి ఎప్పుడూ లేచి చెప్పలేదట.

మా నానమ్మ వాళ్ళది ఒంగోలు దగ్గర పల్లె. "మన పెద్దోళ్ళు కాలవ తవ్వి బతికార్రా" అంటూ ఉంటుంది. నేను పట్టించుకునేవాణ్ణి కాదు. ఈ మధ్యే చదివాను. 1876–78 కరువులో అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర, ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి దొరకాలని బకింగ్‌హామ్ కాలవలో కొంత దూరం తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. నన్ను ఆపేసింది ఏంటంటే, కరువు ముదిరిన ఆ రోజుల్లో ఆయన బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశాడు. అన్నం కోసం వచ్చి చేరతారేమోనని. ఆ తర్వాత కూడా జనం వచ్చి అడిగారు. 1878 జూలై 3న, ఒక్కరోజే, గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. దానివల్ల వాళ్ళ కష్టాలేమీ తీరలేదు. ఆదివారం పనికి రామన్నందుకు, జాతరలో డప్పు కొట్టమన్నందుకు ఊరి పెద్దల కోపం అదనం. నానమ్మ చెప్పే పెద్దోళ్ళు ఆ రోజు ఆ ఏట్లో ఉన్నారో లేదో గానీ, నా ఇఫ్-ఎల్స్ గుర్తొచ్చి సిగ్గేసింది.

కష్టం మనిషిని మంచివాణ్ణి చేస్తుందంటారు. నన్నైతే ముందు చెడ్డవాణ్ణి చేసింది. సెమ్ సెలవుల్లో నాన్నకి స్నానం చేయించడం, అన్నం తినిపించడం నా డ్యూటీ. ఒక్క ముద్ద మింగడానికి ఆయనకి ఎంతసేపు పట్టేదో! ఒకరోజు ఫోన్‌లో మ్యాచ్ నడుస్తోంది, సాంబారు నా షర్టు మీద పడింది. అరిచేశాను. నాన్న ఏమీ అనలేదు, నోరు తెరవడం మానేశాడు. ప్లేటు వంటింట్లో పెట్టేసి బయటికి వెళ్ళిపోయాను. గంట తర్వాత వచ్చి సారీ చెప్పాను. జీవితంలో నాన్నకి సారీ చెప్పడం అదే మొదటిసారి. ఎడమచేత్తో నా తల నిమిరి, ముద్దమాటతో ప్రార్థన చేశాడు. నా పేరు, "సహనం" అన్న మాట, ఆ రెండే అర్థమయ్యాయి. ఎవరికి అడిగాడో తెలీదు, తనకో నాకో. మర్నాటి నుంచి తినిపించేటప్పుడు ఫోన్ పక్క గదిలో పెట్టేవాణ్ణి. అయినా విసుక్కున్న రోజులు ఉన్నాయి.

నాన్నకి బైబిల్లో నచ్చిన వాక్యాల కింద ఎర్ర పెన్నుతో గీతలు గీసే అలవాటు. స్కేలు లేకుండానే, గోడ మీద వేసిన పైపులా తిన్నగా ఉండేవి. ఇప్పుడు ఎడమచేత్తో గీస్తున్నాడు. గీత అక్షరాల మీద నుంచి వెళ్తుంది, కొన్నిచోట్ల వాక్యం కొట్టేసినట్టే ఉంటుంది. పోయినసారి ఇంటికి వెళ్ళినప్పుడు చూశాను, కీర్తనల్లో సగం దాకా వచ్చాడు.

చెయ్యి ఇంకా లేవలేదు. పోయిన శుక్రవారం ఉపవాసం ఉన్నాను. ఆ రోజు మెస్‌లో బిర్యానీ అని తర్వాత తెలిసింది.