కదలని ఇంటికి మారే అడ్రసు

ఇల్లు మారితే అడ్రసు మారుతుంది, సరే. ఇల్లు ఉన్నచోటే ఉండి అడ్రసు మారిపోతే? మన ఇళ్ళల్లో ఇంటర్నెట్ కనెక్షన్ల సంగతి ఇదే. కరెంటు పోయి రౌటరు మళ్ళీ వెలిగిందంటే కొత్త ఐపీ అడ్రసు వచ్చి కూర్చోవచ్చు.

నాకు దీంతో పనేంటంటారా? కాకినాడలో మా ఇంట్లో ఓ డెస్క్‌టాప్ ఉంది. నాన్న స్కాన్ చేసి పెట్టిన పొలం కాగితాలు, ఇరవయ్యేళ్ళ ఫోటోలు అన్నీ అందులోనే. నేనుండేది బెంగుళూరులో. ఆయనకిప్పుడు స్క్రీను మీది అక్షరాలు కంటికి ఆనట్లేదు. కాబట్టి ఏ కాగితం కావాలన్నా నేనే ఇక్కణ్ణించి అందులోకి వెళ్ళి తీసుకోవాలి. "అన్నీ క్లౌడులో పడేయొచ్చుగా" అంటాడు మా కొలీగు. పడేయొచ్చు. కానీ మా ఇంటి కాగితాలు మా ఇంట్లోనే ఉంచుకుని చూసుకోవాలనుకోవడం గొంతెమ్మ కోరికేం కాదు కదా!

దీనికి పాత మందు డైనమిక్ డీఎన్ఎస్. మనం అడ్రసు కాకుండా ఓ పేరు గుర్తుపెట్టుకుంటాం. ఇంట్లో కంప్యూటరో రౌటరో కొన్ని నిమిషాలకోసారి "ఇప్పుడు నా అడ్రసు ఇదీ" అని బయట ఓ సర్వరుకి చెబుతుంటుంది. పేరు అలాగే ఉంటుంది, దాని వెనక నంబరు మారుతుంటుంది. రౌటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెడితే పనైపోయినట్టే. చాలా ఏళ్ళు ఇది చక్కగా నడిచింది.

ఇప్పుడు మాత్రం ముందు ఒకటి చూసుకోవాలి. రౌటరు పేజీలో వ్యాన్ అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే ఆ అడ్రసు మీది కాదు. దీన్నే సీజీనాట్ అంటారు. ఐపీవీ4 అడ్రసులు మొత్తం 430 కోట్లే. ఐయానా దగ్గరున్న చివరి బ్లాకులు 2011 ఫిబ్రవరిలో అయిపోయాయి. సీజీనాట్ కోసమే 2012లో ఈ వరసని కేటాయించారు. అంటే ఒకే పబ్లిక్ అడ్రసుని బోలెడు ఇళ్ళు పంచుకుంటాయన్నమాట. అపార్ట్‌మెంటు గేటు అడ్రసే తప్ప ఫ్లాటు నంబరు లేని ఉత్తరం లాంటిది. డైనమిక్ డీఎన్ఎస్ మిమ్మల్ని గేటు దాకా తీసుకెళ్తుంది, అంతే. మీ రౌటర్లో పోర్టులు ఎన్ని తెరిచినా గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేస్తాడు.

మాది సరిగ్గా ఇదే కేసు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "స్టాటిక్ ఐపీకి ఎక్స్‌ట్రా అవుతుంది సార్" అన్నారు. స్పీడు గురించి అంతంత అక్షరాలతో ప్రకటనలేస్తారు. బయటి నుంచి మీ ఇంటికి మీరు రాలేరని మాత్రం ఎక్కడా రాయరు!

డబ్బు కట్టకుండా దారులు రెండు. ఒకటి ఐపీవీ6. ఇందులో ప్రతి మిషనుకీ సొంత అడ్రసుంటుంది. ఇదీ మారొచ్చు గనక డైనమిక్ డీఎన్ఎస్ ఇక్కడ మళ్ళీ పనికొస్తుంది. కాకపోతే రెండు వైపులా ఐపీవీ6 ఉండాలి, రౌటరు ఫైర్‌వాల్ కూడా దారివ్వాలి. రెండోది, ఇంట్లో మిషనే బయటికి ఫోన్ చేసినట్టు కనెక్షన్ తెరిచి ఉంచడం. వాచ్‌మన్ లోపలికొచ్చేవాళ్ళనే అడుగుతాడు గానీ బయటికెళ్ళేవాళ్ళని కాదుగా. నేను టెయిల్‌స్కేల్ వాడుతున్నాను. ఇది వైర్‌గార్డ్ మీద నడుస్తుంది. నేరుగా దారి దొరక్కపోతే వాళ్ళ రిలే గుండా వెళ్తుంది, అప్పుడు కూడా లోపలి డేటా మధ్యవాళ్ళు చదవలేరు. మనింటికి మనం వెళ్ళడానికీ ఓ మధ్యవర్తి కావాల్సొచ్చిందే అన్నది మాత్రం నాకింకా మింగుడు పడట్లేదు.

రెండు జాగ్రత్తలు. రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరవకండి, పాస్‌వర్డులు ప్రయత్నించే బాట్లు రాత్రీపగలూ తిరుగుతుంటాయి. రెండోది, కరెంటు రాగానే మిషను దానంతటదే ఆన్ అయ్యేలా బయోస్‌లో సెట్ చెయ్యండి. లేకపోతే ఇదంతా చేసి కూడా "నాన్నా, ఒక్కసారి ఆ బటన్ నొక్కవా" అని ఫోన్ చెయ్యాల్సిందే.

ఈసారి కనెక్షన్ తీసుకునేటప్పుడు స్పీడెంత అని మాత్రమే అడక్కండి. పబ్లిక్ అడ్రసు ఇస్తారా, ఐపీవీ6 ఉందా అని కూడా అడగండి. పదిమంది అడిగితేనే అదీ ఒక అవసరమని వాళ్ళకి తెలిసేది.